సెక్రటరీ కూర్చున్న ఆదివారం

బుధవారం సాయంత్రం క్లబ్బు మీటింగుకి సెక్రటరీ కాస్త ఆలస్యంగా వచ్చేసరికి అతని కుర్చీలో వేరెవరో కూర్చుని ఉన్నారు.

అతని వృత్తి ప్లంబింగు. కానీ ఊళ్ళో ఎవరూ అతన్ని ప్లంబరని పిలవరు. వంటింటి సింకు కింద వెల్లకిలా పడుకుని పైపు బిగిస్తున్నప్పుడు కూడా "సెక్రటరీ గారూ, అయిందాండీ?" అనే అడుగుతారు. ఆడపిల్లల ఫుట్‌బాల్ క్లబ్బు పుట్టినప్పటి నుంచీ దానికి అతనే సెక్రటరీ. సెక్రటరీ అన్నది పేరుకే. మైదానంలో సున్నంతో గీతలు గీసేదీ అతనే, గోలుకి వలలు కట్టేదీ అతనే. బంతుల్లో గాలి కొట్టడం, మంచినీళ్ళ డబ్బాలు మోయడం, మ్యాచ్ ఉన్న పొద్దున రిఫరీ ఇంటికి వెళ్ళి తలుపు తట్టి లేపడం కూడా అతని పనే. పైసా తీసుకోడు. ఎవరైనా ఆ మాట ఎత్తితే, "సొంతిల్లు ఊడ్చుకుని కూలి అడుగుతామా?" అంటాడు.

ఆ కుర్చీ గొప్పదేం కాదు. దానికి ఒక కాలు పొట్టి. కానీ ప్రెసిడెంటు పక్కన వేసే కుర్చీ అదొక్కటే. ఇప్పుడు అందులో ఒక అమ్మాయి, జుట్టు బిగించి ముడి వేసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కుర్చీ ఊగకుండా పాదాన్ని నేలకి గట్టిగా అదిమి పెట్టింది.

"రావోయ్, రా," అన్నాడు ప్రెసిడెంటు. ఆయన రిటైరైన హెడ్‌మాస్టరు, ఊరందరికీ మాస్టారు. నలుగురు కనిపిస్తే చాలు, ఆయన గొంతులోకి తరగతి గది వచ్చేస్తుంది. "పిల్లలు పెరిగారు, టీములు పెరిగాయి. ఇది ఇక మనలాంటి ఔత్సాహికుల వల్ల అయ్యే పని కాదు. అందుకని కమిటీ జీతానికి ఒక మేనేజరుని తీసుకుంది. ఈ అమ్మాయి చదువుకున్నది అదే, క్రీడా సంస్థలు నడపడం. సోమవారమే చేరింది. మన సెక్రటరీకి కూడా ఇక విశ్రాంతి కావాలి కదా!"

కొందరు చప్పట్లు కొట్టారు. సెక్రటరీ కూడా కొట్టాడు. రెండు చప్పట్లయ్యాక గానీ తను దేనికి కొడుతున్నాడో తెలియలేదు. సోమవారమే చేరిందట! ఊరికంతా తెలిసిన సంగతి తన చెవిన మాత్రం ఎవరూ వేయలేదన్నమాట. ముందు వరసలో ఖాళీ ఉన్నా వెళ్ళలేదు. మీటింగు అయ్యేదాకా వెనక గోడకి ఆనుకుని నిలబడి, గోళ్ళలో ఎండిపోయిన సిమెంటు గీక్కుంటూ ఉండిపోయాడు. అమ్మాయి ఒకసారి అతని వంక చూసి, చప్పున తల దించుకుంది.

ఇంటికి వెళ్ళేసరికి భార్య ఆసుపత్రి నుంచి వచ్చి, కాళ్ళు బల్ల మీద చాపుకుని కూర్చుంది. ఆమె నర్సు. మొగుడి నడకని బట్టే సంగతి పట్టేసింది.

"ఏమన్నారు?"

"విశ్రాంతి తీసుకోమన్నారు."

"అంటే పొమ్మన్నారా?"

"పొమ్మనలేదు. పొగ పెట్టారు."

ఆమె నవ్వబోయి, అతని ముఖం చూసి ఆపుకుంది. అన్నం పెట్టింది. అతను తిన్నాడు గానీ ఏం తిన్నాడో అడిగితే చెప్పలేడు.

గురువారమంతా ఫోను మోగుతూనే ఉంది. ప్రాక్టీసు ఎన్నింటికని ఒకరు, చిన్న సైజు జెర్సీ ఉందా అని మరొకరు. ప్రతి ఒక్కరికీ ఒకటే జవాబు: "నాకేం తెలుసమ్మా! మేనేజరు గారున్నారు, జీతమిస్తున్నారు, ఆవిణ్ణే అడగండి." అలా అన్న ప్రతిసారీ నోట్లో చింతకాయ నలిగినట్టు ఒక పుల్లటి సంతోషం. మధ్యాహ్నానికి ఫోన్లు తగ్గాయి. సాయంత్రానికి పూర్తిగా ఆగిపోయాయి. అప్పుడు మాత్రం సంతోషం వేయలేదు. రెండుసార్లు ఫోను తీసి, పనిచేస్తోందో లేదో చూసుకున్నాడు.

శుక్రవారం ఒక కొత్త ఇంట్లో స్నానాలగదికి పైపులు వేస్తున్నాడు. పైపు కోసి, కోసిన చోట గరుకు కాగితంతో రుద్ది, జిగురు పూసి, వంపు ముక్కలోకి తోసి కదలకుండా పట్టుకున్నాడు. జిగురు ఆరేదాకా చెయ్యి తీయకూడదు. సరిగ్గా అప్పుడే గుమ్మంలో ఎవరో నిలబడ్డారు. చూస్తే మేనేజరు. పలకరించలేదు. అతని చేతుల వంక చూస్తూ, జిగురు పట్టేదాకా నిలబడే ఉంది. అతను చెయ్యి తీశాకే నోరు తెరిచింది.

"మీకు ముందే చెప్పారనుకున్నానండీ. చెప్పలేదని ఆ రోజు మీ ముఖం చూశాక తెలిసింది. చెప్పాల్సింది నేను కాదనుకోండి. కానీ ఆ కుర్చీలో కూర్చున్నది నేనే కదా. అందుకే వచ్చాను."

సెక్రటరీ రెండు రోజులుగా ఒక పోట్లాట సిద్ధం చేసుకుని ఉన్నాడు. అందులో ఈ మాటకి జవాబు లేదు.

"సరేలెండి," అన్నాడు జిగురు డబ్బా మూత బిగిస్తూ. "ఊరికే చేసేవాళ్ళుండగా జీతమిచ్చి మనిషిని పెట్టుకోవడం మాస్టారి గొప్ప. మధ్యలో మీరేం చేస్తారు?"

"జీతం తీసుకోవడంలో ఒక సుఖముందండీ."

"ఉండదూ మరి! మీకు."

"నాక్కాదు, మీకు. పని బాగా లేకపోతే నన్ను తిట్టొచ్చు. ఊరికే చేసేవాళ్ళని ఎవరు తిట్టగలరు చెప్పండి?"

"నన్ను తిట్టే అవసరం ఎవరికొచ్చిందమ్మా ఇన్నాళ్ళలో?"

అమ్మాయి చెప్పాలా వద్దా అని లోపల్లోపల తూచుకుంటున్నట్టుంది.

"పిల్లలు బట్టలు మార్చుకునే గదికి లోపలి గడియ లేదండీ. ఎప్పుడో ఊడిపోయిందట. ఒకళ్ళు మార్చుకుంటుంటే ఇద్దరు తలుపుకి వీపు ఆనించి నిలబడతారట. నేను చేరిన రోజు వాళ్ళు చెప్పిన మొదటి మాట అదే."

సెక్రటరీ చేతిలో కోసిన పైపు ముక్క అలాగే ఉండిపోయింది.

"నాకెవరూ చెప్పలేదే!"

"చెప్పలేరు కదండీ," అంది ఆమె నెమ్మదిగా. తప్పు పట్టినట్టు కాదు, జ్వరం వచ్చినవాడికి జ్వరమొచ్చిందని చెప్పినట్టు అంది. "మీరు చేసేది ఒక్కరు చేసే పని కాదండీ, నలుగురిది. అది చూసి ఎవరికీ నోరు రాదు."

ఆమె వెళ్ళాక ఆ చివరి మాట పొగడ్తో తిట్టో తేలక అతను చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. తర్వాత కోసిన పైపు కొలత తప్పింది. పాతికేళ్ళ పనిలో అతనికి కొలత తప్పడం అరుదు.

ఆ సాయంత్రం కూతురు వరండాలో తన గోల్‌కీపరు గ్లవ్స్‌ని తడిగుడ్డతో తుడుచుకుంటూ కూర్చుంది. కాలేజీలో చేరిన పిల్ల. ఇంట్లో మాట తక్కువ. మంచినీళ్ళు కావాలన్నా లేచి వెళ్ళి తెచ్చుకుంటుంది గానీ నోరు తెరిచి అడగదు. సెక్రటరీ ఆమె పక్కన మెట్టు మీద కూర్చున్నాడు.

"ఆ గదికి గడియ లేదని నాకెందుకు చెప్పలేదురా?"

కూతురు తుడవడం ఆపలేదు. "చెబుదామనుకున్నాం నాన్నా. నువ్వు ఎప్పుడు చూసినా పరిగెడుతూ ఉంటావు. కాస్త ఆగితే చెబుదామని..."

"ఆగితే?"

"నువ్వు ఆగలేదు."

నిష్ఠూరంగా అనలేదు. ఉన్న సంగతి చెప్పింది. అందుకే అది అతనికి మరీ గట్టిగా తగిలింది. గడియ బిగించడానికి నాలుగు స్క్రూలు చాలు, మధ్యలో టీ తాగినా గంట పట్టదు. ఊళ్ళో ఎన్ని ఇళ్ళ తలుపులు సరిచేశాడో లెక్కే లేదు. తన పిల్ల తలుపుకి వీపు ఆనించి నిలబడుతోందని మాత్రం తెలియలేదు.

శనివారం సాయంత్రం లాండ్రీ అక్క, గేటు తాత కలిసి వచ్చారు. జెర్సీలన్నీ తన దుకాణంలో ఉతికి ఇచ్చేది అక్క. మ్యాచ్ రోజు గేటు దగ్గర కాపలా ఉండేది తాత. ఇద్దరూ జీతం లేనివాళ్ళే. అక్క కూర్చోమన్నా కూర్చోలేదు.

"తమ్ముడూ, నువ్వు ఊఁ అంటే చాలు. రేపు మేమెవ్వరం వెళ్ళం. జెర్సీలు నా దగ్గరే ఉన్నాయి. జీతం తీసుకుంటోందిగా, ఉతుక్కోమను!"

"ఇన్నేళ్ళూ మనం ఊరికే చేసి పిచ్చోళ్ళమయ్యామా నాయనా?" అన్నాడు తాత. "ఒక్క ఆదివారం ఆవిడ ఒంటిచేత్తో నెట్టుకురమ్మను. మధ్యాహ్నానికి మాస్టారే నీ గుమ్మంలో నిలబడతాడు."

ఆ దృశ్యం సెక్రటరీ కళ్ళకి కట్టింది. మాస్టారు గుమ్మంలో, చేతులు నలుపుకుంటూ! ఎంత బాగుందో! లడ్డూ లాంటి ఆ ఊహని నోట్లో పెట్టుకుని మింగలేక, ఉమ్మలేక, "నన్నడక్కండి, మీ ఇష్టం," అన్నాడు. వాళ్ళిద్దరూ ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకుని, తృప్తిగా తలలూపి వెళ్ళిపోయారు.

లోపల్నుంచి భార్య అంది, "నన్నడక్కండి అంటే మానెయ్యమనేగా అర్థం?"

వరండాలో కూతురి గ్లవ్స్ ఆరేసి ఉన్నాయి. పది వేళ్ళూ బయటికి చాచి, ఎవరో రెండు చేతులూ అడ్డుపెట్టినట్టున్నాయి. అతను లేచి చెప్పులు తొడుక్కుని, సగం వీధి దాదాపు పరుగున వెళ్ళాడు. వాళ్ళిద్దరూ వీధి మలుపు దగ్గర దొరికారు.

"అక్కా, రేపు జెర్సీలు తీసుకెళ్ళు. తాతా, నువ్వూ వెళ్ళు."

"అదేంటి? ఇప్పుడేగా—"

"కోపం మాస్టారి మీద. చలిలో జెర్సీ లేకుండా నిలబడేది పిల్లలు. వెళ్ళండి."

అక్క మూతి తిప్పుకుంది. "మరి నువ్వో? ఇంట్లో ముసుగేసి పడుకుంటావా?"

"వస్తాను. నాకక్కడ గడియ బిగించే పనుంది."

ఆదివారం పొద్దున పనిముట్ల సంచీ భుజానికి తగిలించుకుని, జేబులో కొత్త గడియ వేసుకుని వెళ్ళాడు సెక్రటరీ. బట్టలు మార్చుకునే గది తలుపు ముందు ఆగాడు. లోపల నుంచి పిల్లల నవ్వులు. వేలితో తలుపు తట్టాడు. అది కొంచెమైనా కదల్లేదు. లోపల గడియ పడి ఉంది, మేనేజరు అప్పటికే బిగించేసిందన్నమాట.

"ఎవరూ?" అని పదిమంది ఒక్కసారే అరిచారు.

"నేనేనమ్మా. పనేం లేదు," అని వెనక్కి తగ్గాడు. జేబులో గడియ బరువుగా తగిలింది. మైదానం వైపు చూశాడు. గీతలు అప్పటికే గీసి ఉన్నాయి. తను గీసినంత తిన్నగా లేవు, ఒక మూల కొంచెం వంకర పోయింది. అయినా గీతలు గీతలే. వలలు కట్టి ఉన్నాయి. లాండ్రీ అక్క జెర్సీల మూట ఇచ్చేసి, వట్టి చేతులతో ఆట చూసేవాళ్ళు కూర్చునే మెట్ల వైపు వెళుతోంది. అతన్ని చూసి, "ఏంటో తమ్ముడూ, మూట ఇవ్వగానే 'మీ పని అయిపోయింది, వెళ్ళి ఆట చూడండి' అంది ఆ పిల్ల. పనయ్యాక చూసి తీరాలట! ఇన్నేళ్ళలో ఉతకడమే గానీ ఆ జెర్సీలు ఏం చేస్తాయో నేనెప్పుడు చూశాను?" అంది. తిడదామని వచ్చిన మనిషి ముఖం తిరణాలకొచ్చినట్టుంది.

సెక్రటరీ ఒక పక్క నుంచి ఇంకో పక్కకి రెండుసార్లు నడిచాడు. చేతులు ఏం చేసుకోవాలో తెలియలేదు. వెనక పెట్టుకుంటే మాస్టారిలా ఉంది, జేబులో పెట్టుకుంటే గడియ గుచ్చుకుంటోంది. "సెక్రటరీ గారూ, కాస్త పక్కకి జరగరా, కనపడట్లేదు!" అని ఎవరో మెట్ల మీంచి కేకేశారు. చటుక్కున వంగి వంగి మెట్లెక్కాడు. అక్కడ సిమెంటు స్తంభం పక్కన అతని భార్య కూర్చుని ఉంది. కింద మడతపెట్టిన పాత శాలువా, పక్కన ఫ్లాస్కు. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ఆమెని "అక్కయ్యా, కొంచెం టీ పొయ్యవా" అని చనువుగా అడుగుతున్నారు. ఇది ఈ రోజు ఏర్పడిన చోటు కాదని చూడగానే తెలుస్తోంది.

"నువ్వెప్పుడూ ఇక్కడేనా కూర్చునేది?"

"డ్యూటీ లేని ప్రతి మ్యాచ్‌కీ ఇక్కడే." శాలువాని సగం పరిచి చోటిచ్చింది. "కూర్చోండి. ఆ సంచీ దించండి ముందు, రైలెక్కేవాడిలా."

విజిల్ మోగింది. కాసేపటి దాకా అతని కళ్ళు ఆట మీద నిలవలేదు. గేటు దగ్గర తాత ఉన్నాడా, నీళ్ళ డబ్బా నిండుగా ఉందా అని అలవాటుగా తిరుగుతూనే ఉన్నాయి. భార్య మోచేత్తో పొడిచింది. "పిల్లని చూడండి."

చూశాడు. గోలు ముందు ఒక పొడుగాటి అమ్మాయి నిలబడి, రెండు చేతులూ ఊపుతూ గొంతు చించుకుని అరుస్తోంది. "ఎడమ! ఎడమకి రా! ఎవరికోసం చూస్తున్నావే, వదిలెయ్, నాది!" తనకంటే పెద్దవాళ్ళు ఆమె చెప్పినట్టల్లా అటూ ఇటూ జరుగుతున్నారు. ఆ గొంతు సెక్రటరీ ఎప్పుడూ వినలేదు.

"అది మన పిల్లేనా?"

"కాదు, పక్కింటి పిల్ల," అంది భార్య.

అవతలి జట్టు అమ్మాయి దూరం నుంచి బంతిని ఎత్తుగా తన్నింది. కూతురు ముందుకొచ్చింది. బంతి ఆమె తల మీంచి వెళ్ళి వలలో పడింది. మెట్లమీద వాళ్ళంతా అయ్యో అన్నారు. పిల్ల ఏడుస్తుందని సెక్రటరీ అనుకున్నాడు. పిల్ల తొడలు చరుచుకుని, వలలోంచి బంతి తీసి మధ్యకి విసిరేసింది. "నాదే తప్పు! మర్చిపోండి! పదండి, పదండి, పదండి!" అంది. ఆ మూడో 'పదండి'కి అతనే సగం లేచి నిలబడ్డాడు.

విరామం ముగిసి ఆట మళ్ళీ మొదలైన కాసేపటికి తాత రొప్పుతూ మెట్లెక్కి వచ్చాడు. "నాయనా! వెనక గదిలో కుళాయి ఊడిపోయింది. నీళ్ళు కారిపోతున్నాయి!"

సెక్రటరీ లేచాడు. బుద్ధి కాదు, మోకాళ్ళు లేచాయి. చెయ్యి సంచీ మీద పడింది. సరిగ్గా అప్పుడే మనవాళ్ళు అవతలి గోలు వైపు బంతిని తీసుకుపోతున్నారు. భార్య అతని వంక చూడలేదు. ఎదురుగానే చూస్తూ, శాలువా మీద అతను లేచిన చోటుని అరచేత్తో సర్దింది, మనిషి లేకపోవడం తనకి అలవాటేనన్నట్టు.

అతను ఆ చెయ్యి చూశాడు.

"తాతా, అక్కడ చిన్న వాల్వు ఉంటుంది, తిప్పెయ్," అన్నాడు. "ఆగకపోతే బకెట్టు పెట్టు. ఆటయ్యాక వస్తాను." కూర్చున్నాడు.

తాత "బకెట్టా!" అని తనలో తను అనుకుంటూ వెళ్ళాడు. భార్య రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని ఒక ఈల వేసింది. అది మైదానం అవతలి గోడకి తగిలి తిరిగొచ్చింది. సెక్రటరీ బిత్తరపోయి చూశాడు. ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషికి ఈల వేయడం వచ్చని అతనికి తెలియదు.

మనవాళ్ళు గోలు కొట్టి సమానం చేశారు. ఇక చివరి నిమిషాల్లో అవతలి పిల్ల బంతితో ఒంటరిగా దూసుకొచ్చింది. మధ్యలో అడ్డు ఎవరూ లేరు. గోలు దగ్గరుండాల్సిన కూతురు గోలు వదిలేసి, గీతలన్నీ దాటుకుని, ఎదురు పరుగెత్తింది. "ఎక్కడికే! వెనక్కి, వెనక్కి!" అని సెక్రటరీ గావుకేక పెట్టాడు. "ఉండండి, అది అంతే," అంది భార్య. తన మీంచి లేపబోయిన బంతిని పిల్ల గాల్లోకి లేచి తలతో ఫటేల్మని మైదానం అవతలికి కొట్టి, బోర్లా పడి, నవ్వుతూ లేచింది.

తర్వాత ఏం జరిగిందో సెక్రటరీకి సరిగ్గా తెలియదు. మెట్లెలా దిగాడో, ఎవరి కాలు తొక్కాడో గుర్తులేదు. చేతులు పైకెత్తి మైదానం అంచున గంతులేస్తుంటే భుజం మీద ఎవరో తట్టారు.

"సెక్రటరీ గారూ, గీత వెనక్కి. ప్రేక్షకులు లోపలికి రాకూడదండీ," అంది మేనేజరు. ముఖం గంభీరంగానే ఉంది, పెదవి మాత్రం అదురుతోంది.

"ఆఁ... అవునవును," అని తను ఎందరికో చెప్పిన నియమానికి తనే తలవంచి వెనక్కి జరిగాడు.

మ్యాచ్ సమానంగా ముగిసింది. రెండు జట్లూ గెలిచినట్టే అరుచుకున్నాయి. మాస్టారు గొడుగు చంకన పెట్టుకుని సెక్రటరీ దగ్గరికి వచ్చాడు. "ఏమోయ్, నీకు గౌరవ సలహాదారు పదవి ఇద్దామని కమిటీ—"

"పదవొద్దు మాస్టారూ." గొంతు బొంగురుపోయి సగం మాటలే పైకి వస్తున్నాయి. "ఇకమీదట నా సంగతేదైనా ఉంటే ముందు నాకు చెప్పి, తర్వాత ఊరికి చెప్పండి. అంతే."

మాస్టారు గొడుగుతో నేల మీద గీత గీశాడు. "తప్పేనోయ్. నీ ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం లేక మీటింగులో చెప్పాను. ముప్ఫయ్యేళ్ళు పిల్లల్ని గడగడలాడించిన వాణ్ణి, నీ ఒక్కడికి జడిశాను." ఆయన గొంతులో తరగతి గది లేదు.

పక్కనే ఉన్న మేనేజరు అడిగింది, "అన్నీ వద్దండీ. ఉన్న పనుల్లో మీకు బాగా ఇష్టమైనది ఏది?"

ఆ ప్రశ్న అతన్ని ఎవరూ ఎప్పుడూ అడగలేదు. తనూ వేసుకోలేదు. "పొద్దున్నే మంచు మీద గీతలు గీయడం. అప్పుడు మైదానంలో ఎవరూ ఉండరు."

"అయితే అది మీది. విజిల్ వేశాక మాత్రం మెట్ల మీదే కనిపించాలి. వంకర గీస్తే తిడతాను."

"ఇవాళ్టి మూల గీసిన వాళ్ళని ముందు తిట్టండి," అన్నాడు.

"అది నేనే గీశానండీ," అంది ఆ అమ్మాయి. మాస్టారితో సహా ముగ్గురూ నవ్వారు.

సెక్రటరీ సంచీ తీసుకుని వెనక గదిలోకి వెళ్ళేసరికి బకెట్టు నిండి పొర్లుతోంది. నీళ్ళలోనే గొంతుక్కూర్చుని, పాత కుళాయి మొదలు విప్పి, దారం చుట్టి, సంచీలోంచి తీసిన కొత్తది తిప్పడం మొదలుపెట్టాడు. కూతురు గ్లవ్స్ తీయకుండానే, మోకాళ్ళకి మట్టితో వచ్చి, గుమ్మం మీద కూర్చుంది. మ్యాచ్ అయ్యాక ఆమె అలా వచ్చి అతని దగ్గర కూర్చోవడం ఇదే మొదటిసారి.

"ఎండ కళ్ళల్లో పడింది నాన్నా, ఆ గోలప్పుడు. లేకపోతే ఆపేసేదాన్నే."

"ఎండ కాదు," అన్నాడు కుళాయి బిగిస్తూ. "నువ్వు తొందరపడి ముందుకొచ్చావు. నేను చూశాను."

నొప్పించానా అని తలెత్తాడు. ఆమె గుమ్మానికి తల ఆనించి అతన్నే చూస్తోంది. ముఖమంతా నవ్వు.

"సరే, చెప్పు. ఎన్నడుగులు ముందుకొచ్చానూ?"

"నాలుగు... కాదు, ఐదు."

"అబద్ధం! రెండే!" గ్లవ్స్ చేతులతో బకెట్టుని లాగి గదిలో మధ్యన పెట్టింది. "ఇదుగో, ఇది గోలు. నువ్వు అవతలి పిల్లవి. లే నాన్నా, లే, ఎలా తన్నిందో తన్ని చూపించు."

సెక్రటరీ పానా కింద పెట్టి, తడిసిన ప్యాంటు పైకి మడుచుకుని, లేచాడు.